నేనే కొట్టాను

అమ్మాయిల హాస్టల్, రెండో అంతస్తు
జూన్ 28

పిన్నీ,

నీ ఉత్తరం వచ్చి పది రోజులైంది. జవాబు రాయలేదని తిట్టుకుంటూ ఉంటావు. తిట్టుకో, కానీ కారణం విన్నాక తిట్టు. ఈ ఏడు కొత్తగా చేరే పిల్లలకి దారి చూపించే బల్ల నా చేతికొచ్చింది. లా ఆఖరి సంవత్సరం కదా, ఇక్కడ ఇప్పుడు నేను ముసలమ్మ కింద లెక్క. మెయిన్ గేటు దాటగానే టెంటు, దాని కింద పొడుగాటి బల్ల, మీద పచ్చ గుడ్డ. పొద్దున్న ఏడింటికి కూర్చుంటే సాయంత్రం దాకా గొంతు చించుకోవడమే పని.

వాళ్ళ అవస్థ నువ్వు చూడాలి. సర్టిఫికెట్లు చూసేది ఒక బిల్డింగులో. ఫోటో అంటించేది ఇంకో బిల్డింగులో. సంతకం పెట్టే పెద్దాయన మూడో బిల్డింగులో ఉంటాడు, అది కూడా భోజనం చేసి కునుకు తీశాకే. ఆఫీసువాళ్ళు అచ్చేసిన మ్యాపు చూసుకుంటూ లైబ్రరీకి వెళ్తే నీళ్ళ ట్యాంకు ఎదురవుతుంది. అందుకని నేనే ఒక మ్యాపు గీసి కాపీలు తీయించాను. ఎక్కడ కుక్క ఉందో, ఏ కౌంటరులో గుమాస్తా కరుస్తాడో కూడా గుర్తు పెట్టాను.

ఒక పిల్ల వచ్చింది. తనకంటే బరువైన పెట్టె ఈడ్చుకుంటూ. హాస్టల్ లిస్టులో పేరు లేదని మెట్ల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడుస్తోంది. వార్డెన్ దగ్గరికి తీసుకెళ్ళి చూస్తే పేరులో ఒక అక్షరం తప్పుపడి అబ్బాయిల లిస్టులో ఉంది! అప్పట్నుంచి నా కొంగు వదలదు. "అక్కా, మెస్‌లో ప్లేటు మనమే కడగాలా? అక్కా, లైబ్రరీలో దగ్గొస్తే ఏం చెయ్యాలి?" ఒకచోట నిలవదు. అందుకే పిచ్చుక అని పేరు పెట్టాం. ఇప్పుడు బల్ల దగ్గర నాతోపాటే కూర్చుని తనలాంటి వాళ్ళకి దారులు చెబుతోంది.

అంతా బాగానే ఉంది, ఎదురు బల్ల తప్ప. పసుపు గుడ్డ వాళ్ళది. స్టూడెంట్ యూనియన్ ఎన్నికలు దగ్గరికొచ్చాయి, పోటీ మా పచ్చ గుడ్డకీ వాళ్ళ పసుపు గుడ్డకీ. కొత్తవాళ్ళు ముందు ఎవరి బల్ల దగ్గర ఆగితే ఓటు వాళ్ళకే. వాళ్ళ నాయకుణ్ణి మేం పొడుగోడు అంటాం, మా నాయకుణ్ణి కళ్ళజోడు అంటాం. మొన్న బస్సు దిగిన ఒక కుర్రాడి పెట్టెని అటు వాడు, ఇటు మావాడు పట్టుకుని లాగారు. పెట్టె పగిలి బట్టలన్నీ బురదపాలు. పొడుగోడు కళ్ళజోడు మెడ పట్టుకుని గోడకేసి రెండుసార్లు కొట్టాడు. నేను అడ్డం వెళ్తే, "లాయరమ్మా, పక్కకి జరుగు, నీ పళ్ళు బాగున్నాయి" అన్నాడు. అందరూ నవ్వారు.

ఆ నవ్వు నాకు అరగలేదు పిన్నీ.

అమ్మ కళ్ళెలా ఉన్నాయి? కుట్టుమిషన్ దగ్గర కూర్చోనివ్వకు.

గొంతు పోయిన,
నీ అమ్మాయి


మహిళా జైలు, డ్యూటీ గది
జూలై 3

లాయరమ్మా,

వాడు పిలిచినా నేను పిలిచినా పేరు బాగుంది, ఉంచుకో.

మీ అమ్మకి డాక్టరు కొత్త చుక్కల మందు ఇచ్చాడు. మిషన్ దగ్గర కూర్చోవద్దంటే, "కూర్చోవడం లేదే, తొక్కుతున్నాను" అంటుంది. నా అక్క, నా ఖర్మ. నీ ఉత్తరం నేనే చదివి వినిపించాను. మెడ పట్టుకుని గోడకేసి కొట్టిన ముక్క మింగేశాను.

మా దగ్గరా కొత్తవాళ్ళు దిగుతూనే ఉంటారు. బల్ల, గుడ్డ, మ్యాపు ఏమీ ఉండవు. నిన్న నీళ్ళ పంపు దగ్గర కొత్తగా వచ్చినామె బకెట్టు ముందు పెట్టిందని పాతామె వేలు కొరికేసింది. కొరికి ఉమ్మేసింది. ఆ ముక్క వెతికి గుడ్డలో చుట్టి ఆస్పత్రికి పంపేసరికి నా భోజనం చల్లారిపోయింది. చల్లారినా తిన్నాననుకో. పాతికేళ్ళ సర్వీసులో కడుపు కూడా రాయైపోయింది.

నీకో మాట చెబుతాను, నీ పుస్తకాల్లో ఉండదు. నలుగురు నవ్వాక ఊరుకున్నవాళ్ళని ఐదోవాడు కొడతాడు. నీ మీద చెయ్యి లేచిందా, అది దిగేలోగా నీ చెయ్యి దిగాలి. ముందు కొట్టినవాళ్ళదే రాజ్యం. న్యాయం ఎవరిదో తర్వాత తీరిగ్గా మాట్లాడుకోవచ్చు. ఒంటరిగా తిరగకు. జుట్టు గట్టిగా ముడివేసుకో, పట్టుకోవడానికి దొరక్కుండా.

ఆ పిచ్చుకని కూడా జాగ్రత్తగా చూసుకో. ఏడ్చేవాళ్ళంటే నాకు చిరాకే కానీ, ఏడ్చాక లేచి పనిచేసేవాళ్ళు ఇష్టం.

తాళాలు తియ్యాల్సిన వేళయింది.
పిన్ని


హాస్టల్
జూలై 11

పిన్నీ,

చేతిరాత చూసి కంగారుపడకు. కుడి మణికట్టు వాచింది, కట్టు కట్టారు. పెన్ను ఆనడం లేదు.

మంగళవారం పొద్దున్న పదకొండింటికి మా టెంటు మీద పడ్డారు. ముప్ఫైమంది ఉంటారు. హాకీ కర్రలు, సైకిల్ చైన్లు. ముందురోజు వాళ్ళ బల్ల మీద ఎవరో మడ్డినూనె కుమ్మరించారు. అది మావాళ్ళ పనేనని తర్వాత తెలిసింది.

వరసలో అరవైమంది కొత్తపిల్లలున్నారు, తల్లిదండ్రులతో సహా. బల్ల తిరగబడింది. దరఖాస్తులకి నిప్పంటించారు. ఒక తండ్రి కూతురికి అడ్డం నిలబడితే ఆయన మోకాలి మీద కర్ర పడింది. ఎండుకొమ్మ విరిగినట్టు చప్పుడు. నేను విన్నాను పిన్నీ, ఇప్పుడు కూడా వినబడుతోంది. కళ్ళజోడుని కింద పడేసి మూతి మీద బూటుతో తొక్కారు. లేచి ఉమ్మితే మూడు పళ్ళు పడ్డాయి. ఎవరిదో చైను ఒకమ్మాయి మొహానికి తగిలి బుగ్గ పెదవి దాకా చీలింది. ఆ పిల్ల ఏడవడం కూడా మర్చిపోయి, చీలిన బుగ్గ చేత్తో పట్టుకుని పెట్టె మీద కూర్చుండిపోయింది.

టెంటు కూలింది. దాని ఇనప గొట్టాలు ఎవరికి దొరికినవి వాళ్ళు తీసుకున్నారు. గుడ్డ మీద పడి కొంతసేపు ఏమీ కనబడలేదు. గుడ్డ తీసేసరికి చప్పుడంతా ఆగిపోయింది. ఒకడు నేల మీద ఉన్నాడు. తల వెనక భాగం పగిలింది. ముక్కులోంచి రక్తం. ఒళ్ళు కదలడం లేదు కానీ కాళ్ళు మాత్రం ఈత కొడుతున్నట్టు ఆడుతున్నాయి. ఇంకా ఆస్పత్రిలోనే ఉన్నాడు, స్పృహ లేదు. గొట్టంతో కొట్టిందని ఒక ఫస్టియర్ పిల్లని పోలీసులు తీసుకెళ్ళారు. గొట్టం ఆ పిల్ల చేతిలోనే దొరికింది.

క్లాసులు ఆపేశారు. గేటు దగ్గర పోలీసు వ్యాను. కొత్తవాళ్ళలో సగంమంది ఇళ్ళకి వెళ్ళిపోయారు.

నేను బాగానే ఉన్నాను. అమ్మకి చెయ్యి బెణికిందని మాత్రం చెప్పు. ఇంక రాయలేను.

నీ అమ్మాయి


డ్యూటీ గది
జూలై 16

నా తల్లీ,

నీ ఉత్తరం చదివి రెండు పూటలు అన్నం ముట్టలేదు. నీ చెయ్యి! చిన్నప్పుడు పలక మీద అక్షరాలు దిద్దించిన చెయ్యి. ఇప్పుడు ఆ గీతలు చూస్తే కోడి కెలికినట్టున్నాయి.

మొట్టమొదట ఇది విను. ఎవరడిగినా నువ్వేమీ చూడలేదని చెప్పు. గుడ్డ మీద పడింది, కనబడలేదు. అంతే. పోలీసులడిగినా, మీ మాస్టార్లడిగినా, దేవుడు దిగివచ్చి అడిగినా అంతే. సాక్ష్యానికి వెళ్ళినవాళ్ళ బతుకులు నేను చూశాను.

రెండోది. మీ ఊళ్ళో ఆడవాళ్ళకి జైలు లేదు కనుక ఆ పిల్లని రిమాండుకి మా దగ్గరికే తెచ్చారు. నీ ఉత్తరం అందడానికి ఒక రోజు ముందు దిగింది. చిటికెన వేలంత ఉంది. పేరు కూడా సరిగ్గా చెప్పలేక నత్తి కొట్టింది. పాపం అనుకుని కొత్త దుప్పటి ఇప్పించాను కూడా. మర్నాడు నీ ఉత్తరం చదివాక తెలిసింది, అది ఎంత పామో.

ఉత్తరం జేబులో పెట్టుకునే వెళ్ళాను. పొద్దుటి లెక్కింపు అయ్యాక స్నానాల గదికి పిలిచాను.

"గొట్టంతో కొట్టింది నువ్వేనా?"

"నేనే కొట్టాను" అంది. తడుముకోలేదు.

ఆ తడుముకోకపోవడం చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంకో వార్డరు దాని కాళ్ళు పట్టుకుంది. అరికాళ్ళ మీద కర్ర విరిగేదాకా కొట్టాను. తర్వాత చేత్తో, చెంప మీద. ఒకటి నీ మణికట్టుకి, ఒకటి మీ కళ్ళజోడు పళ్ళకి, ఒకటి ఆ చీలిన బుగ్గకి. నాలుగోది ఆస్పత్రిలో ఉన్న మీ కుర్రాడికి. నాలుగోదానికి చెవిలోంచి సన్నగా రక్తం కారింది. అది "అక్కా, అక్కా" అని ఏడ్చింది. "పిలుచుకో, మీ అక్క వచ్చి కాపాడుతుంది" అన్నాను.

నేనెవరో చెప్పలేదు. చెబితే నీకు ముప్పని ఊరుకున్నాను.

ఇక నువ్వు నిశ్చింతగా ఉండు. నీ వంతు కూడా నేనే కొట్టాను. ఇది మీ అమ్మకి చదివి వినిపించలేదు.

నీ పిన్ని, బతికి ఉన్నంతవరకు నీకు అడ్డం


జూలై 19

పిన్నీ,

కొట్టకు. ఆ పిల్లని ముట్టుకోకు. అది పిచ్చుక.

అది మావైపు పిల్ల. తల పగిలింది మా కుర్రాడిది కాదు, పొడుగోడిది. నేను సరిగ్గా రాయలేదు. కావాలనే సరిగ్గా రాయలేదు.

నీ ఉత్తరం మొదటి పేజీలో "ఏమీ చూడలేదని చెప్పు" అన్నావు. నీకు అంతా తెలిసిపోయి నన్ను దాచమంటున్నావనుకున్నాను. పిన్నికి తెలిసిందిలే, చూసుకుంటుందిలే అని ఏడుపొచ్చేంత తేలికపడ్డాను. రెండో పేజీకి వచ్చాను. చదవడం అవగానే ఈ కాగితం తీశాను.

డాక్టరుకి చూపించు. ఇవాళే చూపించు. మిగతాది ఇప్పుడు రాయలేను.


ఇల్లు
జూలై 24

అమ్మాయీ,

ఇది జైల్లో కూర్చుని రాయలేక ఇంటికొచ్చి రాస్తున్నాను. మీ అమ్మ పక్క గదిలో ఉంది.

డాక్టరు చూశాడు. ఎడమ చెవిలో పొర చిరిగి చీము పట్టింది. ఆ చెవి ఇక వినదు. కాళ్ళకి కట్లు కట్టారు. వారం ముందు తెచ్చి ఉంటే చెవి దక్కేదేమో అన్నాడు. ఎలా తగిలిందని నన్నడిగాడు. జారిపడిందని చెప్పాను. ఆ పిల్ల కూడా జారిపడ్డాననే చెప్పింది.

ఆస్పత్రి గదిలో దాని పక్కన కూర్చున్నాను.

"నిన్ను పిచ్చుక అంటారా?"

కుడి చెవి ఇటు తిప్పి చూసింది. "ఆ పేరు మీకెలా తెలుసండీ?"

"మీ అక్క పిన్నిని."

మంచం మీదే గోడ వైపు జరిగింది. ఇంకా జరగడానికి చోటు లేక ఆగింది. అక్కణ్ణుంచే, "అక్క చెయ్యి తగ్గిందా?" అని అడిగింది. నన్ను చంపినా బాగుండేది.

నేనేమీ అడగలేదు. అదే చెప్పింది. "పడ్డాయన ఇంక లేవలేదండీ. అక్క గొట్టం అలాగే పట్టుకుని నిలబడిపోయింది. వేళ్ళు విడిపోవడం లేదు. ఒక్కొక్క వేలే విడదీసి నేను తీసుకున్నాను. పోలీసులు వచ్చేసరికి నా చేతిలో ఉంది. నువ్వేనా అన్నారు. అవునన్నాను."

"ఎందుకే తల్లీ?"

"నేను మొన్నే వచ్చాను కదండీ, నన్నెవరూ ఎరగరు. చిన్నపిల్లనని నాలుగు తిట్టి వదిలేస్తారనుకున్నాను. అక్కకైతే చదువు చివరికొచ్చింది."

ఇది జరిగింది సోమవారం. బుధవారం కాగితం వచ్చింది. పొడుగోడు చచ్చిపోయాడు. కేసు ఇప్పుడు హత్య కింద మారింది. ఆ పిల్లకి ఆ సంగతి నేనే చెప్పాను. నాలుగు తిట్లతో పోయేది కాదని దానికి అప్పుడు తెలిసింది. మాట మాత్రం మార్చలేదు.

ఇప్పుడు జాగ్రత్తగా విను. ఆ పిల్ల మాట మార్చదు. గొట్టం మీద దాని వేలిముద్రలున్నాయి. నువ్వు నోరు మూసుకో. పరీక్షలు రాయి. నేను లోపలే ఉన్నాను కనుక దాని మీద ఈగ వాలకుండా చూసుకుంటాను. మంచి లాయరుని పెట్టిస్తాను. చిన్న వయసు, శిక్ష తగ్గుతుంది. పాపమంటావా, ఒకటి మోస్తున్నాను, దాని మీద ఇంకోటి పడ్డా మోస్తాను. మా రిజిస్టరులో నీ పేరు మాత్రం నేను రాయలేను. మా అక్క మొహం చూడలేను.

ఈ ఉత్తరాలన్నీ కాల్చెయ్.

పిన్ని


హాస్టల్
జూలై 28

పిన్నీ,

కట్టు విప్పేశారు. చేతిరాత బాగుంది చూడు.

ఇన్నాళ్ళూ ఒకటే కథ చెబుతూ వచ్చాను. పొడుగోడు నా మీదికి వస్తే కాచుకోవడానికి గొట్టం అడ్డం పెట్టాను, తగిలింది అని. కళ్ళజోడుకి అదే చెప్పాను. అతను, "ఎన్నికలయ్యేదాకా ఎవరితోనూ అనకు" అన్నాడు. నాకు నేను కూడా అదే చెప్పుకున్నాను. ఇరవై రోజులు చెప్పుకుంటే అబద్ధానికి కూడా కాళ్ళొస్తాయి.

నిజం ఇది. నా మణికట్టుని ఎవరూ విరవలేదు. వాడి తల మీద గొట్టం పడినప్పుడు ఆ అదురుకి బెణికింది.

వాడు నా వైపు తిరిగి కూడా లేడు. మోకాలు విరిగిన ఆ తండ్రి నేల మీద పడి ఉంటే, వంగి ఆయన చంకల కింద చేతులు పెట్టి లేపుతున్నాడు. "ఆగండి నాన్నగారూ, ఆగండి" అంటున్నాడు. ఆయన్ని కొట్టబోతున్నాడనుకున్నానని పోలీసులకి చెప్పొచ్చు. లా చదివాను, దానికేం పేరో, ఎంత శిక్ష తగ్గుతుందో నాకు తెలుసు. కానీ నేను అలా అనుకోలేదు. లేపుతున్నాడని నాకు కనబడింది. కనబడ్డాకే కొట్టాను. వీపు దొరికింది, గొట్టం చేతిలో ఉంది, రెండు వారాలుగా ఆ నవ్వు నా చెవిలో ఉంది. అంతే పిన్నీ. ఇంకే కారణమూ లేదు. ఎంత వెతికినా దొరకలేదు.

ముందు కొట్టినవాళ్ళదే రాజ్యమని నువ్వు రాసిన మాట నీ మీద వేసుకుని కూర్చుంటావు, నాకు తెలుసు. వద్దు. ఆ చెయ్యి నాది.

నిన్న వాడి అమ్మా నాన్నా హాస్టల్‌కి వచ్చి వాడి సామాను తీసుకెళ్ళారు. వాళ్ళ నాన్న దారి తెలీక మా పక్కకి వచ్చి, "అమ్మా, అబ్బాయిల హాస్టల్ ఎటు?" అని నన్నే అడిగారు. తీసుకెళ్ళి చూపించాను. "చల్లగా ఉండమ్మా" అన్నారు.

రేపు పొద్దున్న పోలీస్ స్టేషన్‌కి వెళ్తున్నాను. పిచ్చుకకి చెప్పు. లేదా చెప్పకు, నేనే చెప్పాలి దానికి.

నీ ఉత్తరాలు కాల్చను. పోలీసులకి ఇవ్వను కూడా. నీ చేత్తో నువ్వు చేసింది నువ్వే చెప్పుకోవాలి పిన్నీ. నా నోటితో చెప్పించకు.

నీ అమ్మాయి


ఇల్లు
అక్టోబర్ 9

నా తల్లీ,

నేను పనిచేసినచోట నిన్ను ఉంచకూడదని వేరే జైలుకి పంపారు కదా. మంచిదే. అక్కడి హెడ్ వార్డరు నాకు తెలుసు, నోరు పెద్దది కానీ చెయ్యి చేసుకోదు. నాలా కాదు.

నువ్వు స్టేషన్‌కి వెళ్ళాక మూడు వారాలు నేను ఏమీ చెయ్యలేదు. రోజూ డ్యూటీకి వెళ్ళి వచ్చాను. నాలుగో వారం సూపరింటెండెంటు గదిలోకి వెళ్ళి, నేను చేసింది రాసిన కాగితం బల్ల మీద పెట్టాను. చదివి, "ఆ పిల్ల జారిపడ్డానని సంతకం పెట్టింది, నీకెందుకమ్మా ఇది, ఇంకో మూడేళ్ళలో రిటైరవుతావు" అన్నాడు. "నేనే కొట్టానండీ" అన్నాను. ఉద్యోగం నుంచి సస్పెండు చేశారు. విచారణ నడుస్తోంది. కాళ్ళు పట్టుకున్న వార్డరు నాతో మాట్లాడటం మానేసింది.

మీ అమ్మకి నీ ఉత్తరాలన్నీ మొదట్నుంచి చదివి వినిపించాను. ఒక్క ముక్క మింగలేదు. వింటూ మిషన్ తొక్కుతూనే ఉంది. మధ్యలో దారం అయిపోయింది. అయినా తొక్కుతూనే ఉంది. అయ్యాక, "ఆ అబ్బాయి తల్లికి ఎంతమంది పిల్లలు?" అని ఒక్కటే అడిగింది. నాకు తెలీదన్నాను. ఆదివారం నిన్ను చూడటానికి వస్తుంది. నువ్వే చెప్పు.

పిచ్చుకని వదిలేశారు. వాళ్ళ నాన్న ఇంటికి తీసుకెళ్దామని వచ్చాడు. "నేను కాలేజీకి వెళ్తాను" అని అది కదల్లేదు. కేసు లేక విడుదల చేశారని జైలు నుంచి కాగితం తెస్తే తప్ప సీటు ఇవ్వం అన్నారట. ఆ కాగితం నేను సంపాదించి, అది వద్దంటున్నా మీ యూనివర్సిటీకి వెళ్ళాను.

గేటు దగ్గర ఇప్పుడు ఏ గుడ్డా లేదు, ఏ బల్లా లేదు. రెండూ తీసేశారు. కొత్తపిల్లలు గోడల మీద కాగితాలు చదువుకుంటూ తిరుగుతున్నారు. పిచ్చుక ఆఫీసు మెట్ల దగ్గర నిలబడి ఉంది. కాగితం ఇచ్చాను. తీసుకుంది. థాంక్స్ అనలేదు. నేను వెనకాలే నడిచాను. రోడ్డు దాటుతుంటే ఎడమ పక్కనుంచి వ్యాను వచ్చింది, హారన్ కొడుతూనే ఉన్నాడు, దానికి వినబడలేదు. నేను రెక్క పట్టుకుని వెనక్కి లాగాను. నా చెయ్యి తగలగానే అది రెండు చేతులతో తల కప్పేసుకుని రోడ్డు మధ్యలో కూలబడిపోయింది. వ్యాను ఆగిపోయింది. డ్రైవరు దిగి నన్ను తిట్టాడు. అందరూ చూస్తున్నారు. అది తనంతట తనే లేచి, మోకాళ్ళు దులుపుకుని నడిచింది.

కౌంటరులో గుమాస్తా దరఖాస్తు తిరగేసి నన్ను చూశాడు. "వెంట వచ్చినవాళ్ళు సంతకం పెట్టాలి. మీరు ఈ అమ్మాయికి ఏమవుతారు?"

పిచ్చుక నేను చెప్పేదాకా చూస్తూ నిలబడింది.

"ఏమీ కానండీ" అన్నాను. "జైల్లో ఈ పిల్లని కొట్టి చెవి పోగొట్టింది నేనే."

అతను పెన్ను కింద పెట్టాడు. మా వెనక వరసలో ఎవరో దగ్గారు. పిచ్చుక అతని చేతిలోంచి దరఖాస్తు తీసుకుని, సంతకం గడిలో తన పేరే రాసి ఇచ్చింది. అతను ముద్ర వేశాడు. మూడో బిల్డింగుకి వెళ్ళమన్నాడు.

నేను కూడా కదలబోయాను. అది వెనక్కి తిరిగింది. కుడి చెవి నా వైపు పెట్టి, గొంతు పెంచకుండా అంది:

"ఇక్కణ్ణుంచి దారి నాకు తెలుసండీ."

వెళ్ళిపోయింది. నేను బస్సెక్కి ఇంటికి వచ్చేశాను.

పిన్ని